వానపాము డ్రైవరు

కోతలు కోయడానికి పొలమే ఉండక్కర్లేదు, ఒక బెంచీ, నాలుగు జతల చెవులు ఉంటే చాలు. డ్రైవరుకి ఆ రెండూ బస్సు డిపో పక్కన టీకొట్టు దగ్గర దొరికేవి. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పేరు పోలేదు, చిన్నా పెద్దా అందరికీ ఆయన డ్రైవరే. సాయంత్రం నాలుగు దాటాక ఆ బెంచీ చివర కూర్చున్నాడంటే, గోరంతది కొండంత కావడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టదు.

ఆ మంగళవారం సాయంత్రం ఆయన వదిన అటే నడిచి వస్తోంది. వచ్చేది టీకి కాదు, తగవుకి.

ఆవిడ దర్జీ. నలభై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. ఇప్పుడు ఎడమ మణికట్టుకి ఇంత లావు కట్టు. ఎడమ చెయ్యి గుడ్డని తోయకపోతే కుడి చెయ్యి ఎంత ఆడినా కుట్టు పడదు. రెండు రోజులుగా మిషను ముందు ఊరికే కూర్చుని, కట్టు వంక చూసుకున్నప్పుడల్లా మరిదిని తిట్టుకుంటోంది.

తిట్టుకోడానికి కారణం ఉంది. అసలు సంగతి నాలుగేళ్ళ కిందట మొదలైంది. ఆవిడ భర్త పోయిన ఏడాది అది. మిషను మీద గుడ్డ కప్పేసి, కిటికీ తలుపు వేసేసి, ఇంట్లో కూర్చుండిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ధైర్యం చెప్పి వెళ్ళారు. మరిది మాత్రం ధైర్యం చెప్పలేదు. మూడో నెలలో ఒకరోజు పొద్దున్నే గోనెసంచి నిండా పాత దుప్పట్లు, కర్టెన్లు మోసుకొచ్చి ఆవిడ ముందు కుమ్మరించాడు. "వదినా, ఒక వానపాముని కుట్టాలి. ముప్పై అడుగులది" అన్నాడు.

"ఏం, చిన్నది సరిపోదా?" అంది ఆవిడ. మూడు నెలల్లో ఆవిడ ఎవరినైనా ఎదురు ప్రశ్న అడగడం అదే మొదలు.

"తొక్కలు కాలవలో పారేసేవాళ్ళకి, ఆకులు తగలబెట్టేవాళ్ళకి చెప్తే ఎక్కదు. చూపించాలి. చూపిస్తే చిన్నది చూపిస్తామా?"

అలా పుట్టింది వానపాము ఆట. వెదురు కట్లు, వాటి మీద ఎర్రమట్టి రంగు అద్దిన దుప్పట్లు, ముందు కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద తలకాయ. లోపల ఆరుగురు మనుషులు, ఒకరి వెనక ఒకరు. ఆదివారం ఆదివారం ఒక్కో వీధికి వెళ్తారు. వీధి మధ్యలో వానపాము ఆగుతుంది, దాని పక్కల్లో ఉన్న చీలికల్లోంచి కర్రల మీద బొమ్మలు బయటికొస్తాయి: అరటితొక్క, గుడ్డుపెంకు, ఎండుటాకు, ఎక్కడ పడితే అక్కడ దూరే దొంగ ప్లాస్టిక్ కవరు. కవరుని వానపాము తన్ని తరిమేస్తుంది, మిగతావాటిని మింగి ఎరువు చేస్తుంది. చివర్లో ఇంటికో మొక్క, గుప్పెడు ఎరువు. ఆ వానపాము కథంతా నడిపించేది తల. తల డ్రైవరుది. తల తొడుక్కున్నవాడికి మాత్రమే వానపాము నోట్లోంచి దారి కనిపిస్తుంది. వెనక అయిదుగురికీ ముందున్నవాళ్ళ వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. తల వెనక రెండో స్థానం వదినది.

మొన్న ఆదివారం ఒక కాలనీ తోటలో ఆట. తోటమాలి ముందురోజు సాయంత్రమే దారివారన కొత్త గుంత తవ్వి, పాత గుంతలోని తడి చెత్తంతా అందులోకి తిరగేశాడు. పొద్దున పదింటికి, కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండలో, ఆరడుగుల వెడల్పున ఎదురుగా కనపడుతున్న ఆ గుంతలోకి డ్రైవరు తిన్నగా నడిచాడు. ఆయన వెనక వదిన. ఆవిడ వెనక మందుల షాపాయన. ఆయన వెనక మిగతా ముగ్గురు. నడుంలోతు కుళ్ళిన కూరగాయల్లో ఒకరి మీద ఒకరు. ఆట అనుకుని జనం విరగబడి చప్పట్లు కొట్టారు. డ్రైవరు గుంతలోంచి లేచి, భుజం మీద వంకాయ ముచ్చికతో, జనానికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు.

ఆ నమస్కారమే వదిన గుండెల్లో మేకులా దిగింది. జనం వైపు చూస్తూ, దారి వైపు చూడకుండా, గొప్పకి పోయి అయిదుగుర్ని గుంతలో పడేశాడు. మందుల షాపాయన కళ్ళజోడు ఎరువులో కలిసిపోయింది. వానపాము తొమ్మిది అడుగుల మేర చిరిగింది. ఆవిడ చెయ్యి బెణికింది. ఒక్కమాట చెప్పలేదు, క్షమించమనలేదు. ఇక తల ఆయనకి ఇవ్వకూడదు. అది చెప్పడానికే వస్తోంది.

టీకొట్టు రేకుల చూరు కింద బెంచీ మీద ముగ్గురున్నారు. డ్రైవరు, పక్కన సెలూనాయన, ఆ పక్కన తాళాలు బాగుచేసేవాడు. టీకొట్టాయన పొయ్యి దగ్గర నిలబడి చెవులు మాత్రం బెంచీకి అప్పగించాడు. ఆవిడని చూడగానే "రండమ్మా" అనబోయాడు. ఆవిడ పెదాల మీద వేలు పెట్టింది. ఏం చెప్తున్నాడో ముందు విందామని. సెలూనాయన, తాళాలాయన మొహమొహాలు చూసుకుని కాస్త సర్దుకున్నారు.

డ్రైవరు మాట ఆపి, ఆవిడ వైపే మొహం తిప్పాడు. తిప్పి, "ఎవరో వచ్చారు, జరగండయ్యా. కూర్చో బాబూ, కూర్చో. మంచి పట్టులో ఉండగా వచ్చావు" అన్నాడు.

బాబూ అట! తాళాలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వదినకి ఒళ్ళు మండింది. చేసిందంతా చేసి పైగా వేళాకోళం. సరే, ఎంతదూరం పోతాడో పోనీ అని ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది, ఆయనకి రెండు చేతుల దూరంలో.

"ఎక్కడున్నాం? ఆఁ, గుంతలో పడ్డామని ఊరంతా అంటున్నారట. పడడం వేరు, దిగడం వేరు. బస్సు ఆగిందనుకో, చెడిపోయి ఆగిందా, స్టాపులో ఆగిందా అని చూసుకోవద్దూ? మొదట ఒక చిన్న సంగతి చెప్తా, దాన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి. తోటకి పోయే సందులో ఒక మలుపుంది. ఆ మలుపులో ఒక పక్క నీళ్ళ ట్యాంకరు, ఇంకో పక్క స్టాండు వేసిన సైకిలు, నడిమధ్యలో పడుకుని ఒక పిల్లి. ముప్పై అడుగుల వానపాముని ఆ మధ్యలోంచి తీశా. పిల్లి మీసం కదల్లేదు."

"నువ్వు తీస్తావులే, మలుపుల్లో నిన్ను పట్టేవాడు లేడు" అన్నాడు తాళాలాయన.

"అదీ! మరి ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు."

"మంచేంటి?" అన్నాడు సెలూనాయన. "ఆదివారం పొద్దున పదింటికా? ఆ రోజు నా దుకాణం రేకు మీద గుడ్డు కొడితే అట్టు అయ్యేది."

"నీ దుకాణం దగ్గర ఎండ. నా దగ్గర మంచు. అలాంటిలాంటి మంచు కాదు, పాలల్లో ముంచిన గుడ్డ తీసి మొహం మీద పరిచినట్టు. మనిషి కనపడడు, మనిషంత నలుపు కనపడుతుంది. దీపం పెడితే ఒక దీపం చుట్టూ ఇంకో నాలుగు దీపాలు. మామూలు డ్రైవరైతే ఏం చేస్తాడు? బ్రేకేస్తాడు. నేను వేశానా? వాసన మీద నడిపా! కుడిపక్క కాఫీపిప్పి వాసన వచ్చిందా, అది టీచరమ్మ ఇల్లు, కాస్త ఎడమకి. ఉల్లితొక్కలా, అది ఇద్దరన్నదమ్ముల ఇల్లు, తిన్నగా. బంగాళాదుంప తొక్కు వాసన చూసి, దుంప చెక్కినావిడ కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో కూడా చెప్తా నేను. వెనక అయిదుగురూ నన్ను నమ్ముకుని నడుస్తున్నారు, చుట్టూ చూస్తే నాలుగొందలమంది జనం..."

"ఇందాక నలభై అన్నావు" అన్నాడు టీకొట్టాయన.

"నలభై ముందువరస. అయినా మంచులో లెక్క ఎలా తేలుతుందయ్యా?"

టీకొట్టాయన కొత్తగా కాచిన టీ తెచ్చి డ్రైవరు పక్కన బెంచీ మీద పెట్టాడు. డ్రైవరు చెప్తూనే చెయ్యి చాచాడు. వేళ్ళు గాలిని ఒకసారి పట్టుకున్నాయి, బల్లని ఒకసారి తట్టాయి. టీకొట్టాయన ఏమీ అనకుండా గ్లాసుని ఆ వేళ్ళ కిందకి జరిపాడు. ఎన్నో రోజులుగా అలవాటైన పనిలా జరిపాడు. వదిన అది చూసింది. కథ మీద కోపంలో ఉంది కనక చూసి వదిలేసింది.

"సరే, ఆ గుంతలో ఎరువు గురించి చెప్పాలి. ఎవరు కలిపారనుకున్నావు? నేను. ఒక బుట్ట తడి చెత్తకి రెండు బుట్టలు ఎండుటాకు. పైన దోసెడు పాత ఎరువు, తోడు వేసినట్టు. నీళ్ళు చిలకరించాలి, పోయకూడదు. పిడికిట పట్టి బిగిస్తే ఒక్క చుక్క రావాలి. రెండో చుక్క వచ్చిందా, కంపు కొడుతుంది. అసలు రాలేదా, ఏడాదైనా మగ్గదు."

ఆ కొలతల వరకూ అక్షరాలా నిజం. వదిన తనకి తెలియకుండానే తల ఊపింది.

"అలా కలిపిన ఎరువు బలం ఎంతో తెలుసా? తోటమాలి పార గుచ్చి అన్నానికి పోయాడు, వచ్చేసరికి పార కర్ర చిగురు వేసింది. సరే పోనీ అని చేతులు కుర్చీకి తుడుచుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడా, కుర్చీ నాలుగు కాళ్ళూ వేళ్ళు తన్నాయి. కొమ్మలు ఇటొకటి అటొకటి వచ్చి ఒళ్ళో పడ్డాయి. పాపం ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, ఇంటిదగ్గర్నుంచి క్యారేజీ పంపిస్తున్నారు."

"నిన్న నా దగ్గర గడ్డం గీయించుకున్నాడే!" అన్నాడు సెలూనాయన.

"వాళ్ళ తమ్ముడయ్యుంటాడు. గుమ్మడి పాదు సంగతి వినండి. గుంత గట్టున ఒక గింజ పడింది. తీగ పాకుతుంటే చప్పుడు వినపడుతుంది, సర్‌ర్‌ర్‌మని. గోడ ఎక్కింది, రోడ్డు మీద పడింది, మా ఏడో నంబరు బస్సు వెళ్తుంటే దాన్ని ఓవర్‌టేక్ చేసింది."

"హారన్ కొట్టిందా?"

"కొట్టలేదు. అదే నాకు కోపం."

బెంచీ ఊగిపోయింది. వదిన పళ్ళ మీద పళ్ళు నొక్కుకుంది, నవ్వు ఆపుకోడానికి. ఈ మనిషి చిన్నప్పటినుంచీ ఇంతే. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో పదకొండేళ్ళవాడు, పెరట్లో కోడి తనతో మాట్లాడిందని వారం రోజులు నమ్మించాడు. కోపంగా ఉన్నప్పుడు ఈ మనిషి మాటలు వినకూడదు, వింటే కోపం నిలవదు. ఆవిడ కట్టు వంక చూసుకుని కోపాన్ని మళ్ళీ కూడగట్టుకుంది.

"ఏం బాబూ, నువ్వు ఒక్కమాటా మాట్లాడవేం? నమ్మడం లేదా?" అన్నాడు డ్రైవరు, ఆవిడ మొహంలోకి చూస్తూ.

మొహంలోకి కాదు. మొహం పక్కకి. ఎడమ భుజానికి జానెడు పైన, అక్కడ ఇంకెవరో ఉన్నట్టు.

సెలూనాయన అందుకుని, "నువ్వు కానీ, వింటున్నాం" అన్నాడు.

"గుంత అంచుకి వచ్చా. ఇక ఒక్క అడుగు. పక్కకి తప్పుకునేవాణ్ణే! కానీ లోపల్నించి పిలుపు వినపడింది. సన్నటి గొంతులు, వెయ్యి, పదివేలు. 'అమ్మమ్మా, అమ్మమ్మా' అని. ఎవరనుకున్నారు? వానపాములు! మన వానపాముని చూసి వాళ్ళ అమ్మమ్మ అనుకున్నాయి! ముప్పై అడుగుల అమ్మమ్మ! అంత ప్రేమగా పిలుస్తుంటే దిగకుండా పోతే మనిషి జన్మేనా? దిగా."

"వెనకవాళ్ళని అడిగావా మరి?"

"ఇంజనెటో పెట్టెలూ అటే. మా వదిన..."

బెంచీ ఒక్కసారిగా బిగుసుకుంది. టీకొట్టాయన దగ్గాడు. డ్రైవరు ఆ దగ్గుని లెక్కచేయలేదు.

"మా వదిన రెండో సీటు. పైకి పులి, లోపల పిల్లి. గుంత చూడగానే నా నడుం పట్టేసుకుని, 'మరిదీ, నువ్వే దిక్కు, ఈ జన్మలో నిన్నిక పల్లెత్తు మాట అనను' అంది."

సెలూనాయనకి టీ పొలమారింది. "నిజంగా అందా?"

"మూడుసార్లు."

ఆ క్షణంలో గుంతలో ఆవిడ నిజంగా అన్నమాట 'ఇక్కడే పూడ్చేస్తాను నిన్ను' అని. అదీ మూడుసార్లే.

"అప్పుడు ఒక చేత్తో వదినని ఎత్తి పట్టుకున్నా, ఇంకో చేత్తో మందుల షాపాయన్ని, మిగతా ముగ్గురూ నా బెల్టు పట్టుకున్నారు. ఈలోగా అసలైన వింత మొదలైంది. చెప్పనా? చెప్తే మీరు నమ్మరు."

"ఇంతవరకూ నమ్మాం కదా" అన్నాడు తాళాలాయన.

"వానపాము దేంతో కుట్టాం? పాత దుప్పట్లు. నూలువి. ఎరువు తగిలేసరికి వాటికి పాతరోజులు గుర్తొచ్చాయి. పుట్టింటి సంగతులు. మొలకెత్తాయి! మోకాలెత్తు, నడుమెత్తు, పూత, కాయ, కాయ పగిలి తెల్లగా పత్తి! వానపాము ఒంటినిండా పత్తిచేను!"

"మరి కర్టెన్లు? అవి కూడా మొలిచాయా?"

"కర్టెన్లు పాలిస్టరువి. అవి ఊరుకున్నాయి. నేను అబద్ధం చెప్పనయ్యా."

ఈసారి వదిన పైకే నవ్వేది, గొంతు దాకా వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోబోయి కట్టు ముక్కుకి తగిలించుకుంది. డ్రైవరు ఊపు మీద ఉన్నాడు.

"పెరిగింది పెరిగింది, ముప్పై అడుగులది మూడొందల అడుగులైంది. తల గుంతలో ఉంటే తోక డిపో దాటింది. లోపలున్న వానపాములు లక్ష, ఒక్కటి తక్కువ కాదు, 'అమ్మమ్మకి కష్టం వచ్చింది' అని మమ్మల్ని వీపుల మీద మోసుకొచ్చి గట్టున దించాయి. ఒక్కోదానికీ చెయ్యెత్తి దండం పెట్టా."

"పేరుపేరునానా?"

"పేర్లెక్కడివి, నంబర్లు. ఇక ఆఖరి మాట చెప్తా, ఇది మాత్రం నవ్వకుండా వినండి. మూడొందల అడుగులు సాగింది కదా, ఒక్క కుట్టు ఊడిందేమో చూసుకోండి! మా వదిన కుట్టు అది. బట్ట చినుగుతుంది, భూమి చినుగుతుంది, ఆవిడ కుట్టు చినగదు. మా అన్నకి పెళ్ళైన కొత్తలో ఒక చొక్కాకి గుండీ కుట్టింది. చొక్కా అరిగి పోగులైపోయింది కానీ ఆ గుండీ అలాగే ఉంది. మా అన్న దాన్ని దాచుకున్నాడు. నాకు చూపించేవాడు, ఆవిడకి చూపించలేదు. మీరూ చెప్పకండి ఆవిడకి, నెత్తికెక్కుతుంది."

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. సెలూనాయన, తాళాలాయన తలలు దించుకుని గ్లాసుల్లోకి చూస్తున్నారు.

గుండీ సంగతి ఆవిడకి తెలియదు. అది విన్న క్షణంలోనే ఇంకొకటి తెలిసింది. ఈ మాట తనముందు చెప్పేవాడు కాడు మరిది. చచ్చినా చెప్పడు. పెళ్ళాం పోయిన రోజున కూడా ఈవిడ ముందు ఏడవకుండా పెరట్లోకి పోయినవాడు. అంటే ఇది వేళాకోళం కాదు. ఎదురుగా ఉన్నది ఎవరో ఆయనకి తెలియదు.

ఆవిడ మొదటిసారి ఆయన కళ్ళలోకి సరిగ్గా చూసింది. నల్లగా ఉండాల్సిన చోట బూడిదరంగు. అద్దం మీద ఊపిరి వదిలినట్టు.

పోయిన నెల ఒక వీధిలో ఆయన గేటు స్తంభానికి మొక్క అందిస్తూ "తీసుకో అమ్మా" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఈ మధ్య ప్రతి శనివారం మధ్యాహ్నం ఆట జరగబోయే వీధికి ఒక్కడే వెళ్ళి నడిచొచ్చేవాడు. ఎంత శ్రద్ధ అనుకుంది. శ్రద్ధ కాదు, అడుగులు లెక్కపెట్టుకుంటున్నాడు. తోటమాలి ఆ కొత్త గుంత తవ్వింది శనివారం సాయంత్రం, ఆయన నడిచి వెళ్ళిపోయాక.

ఇంత పెద్ద కథలో పారకి చిగురు, కుర్చీకి వేళ్ళు, దుప్పటికి పత్తి, అన్నీ కోతలే. ఒక్క మంచు మాత్రం ఆయన కొయ్యలేదు.

"అయితే ఆ మంచులో కూడా నేను..." అని డ్రైవరు మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఇప్పుడు కూడా కురుస్తోందా, ఆ మంచు?" అంది వదిన.

డ్రైవరు చేతిలో గ్లాసు వంగి టీ ప్యాంటు మీద ఒలికింది. ఆయన చూసుకోలేదు.

"వదినా?"

"ఇందాకట్నించీ ఇక్కడే ఉన్నాను. నీ ఎదురుగా. బాబుని."

"నాకు తెలుసు" అన్నాడు డ్రైవరు గబగబా. "నువ్వున్నావని తెలిసే చెప్పా, నవ్విద్దామని. నాకు కనపడకపోవడమేంటి, ముప్పై ఒక్క ఏళ్ళు..."

"నా ఎడమచేతికి ఏముంది?"

ఆవిడ చెయ్యెత్తి పట్టుకుంది. ఆయన మెడ ముందుకి చాచాడు, కళ్ళు చికిలించాడు, తల అటూ ఇటూ తిప్పాడు. ఎవరైనా అందిస్తారేమోనని ఆయన ఒక క్షణం ఆగాడు కూడా. ఎవరూ అందించలేదు.

"వాచీ" అన్నాడు.

"కట్టు" అంది వదిన. "బెణికింది. గుంతలో."

డ్రైవరు మొహంలో ఉన్న నవ్వు మెల్లగా దిగిపోయింది. "దెబ్బ తగిలిందా నీకు?" అన్నాడు. కథలు చెప్పే గొంతు కాదది. "నాతో ఎవరూ చెప్పలేదే! మిషను మరి? ఎలా కుడుతున్నావు?"

"కుట్టడం లేదు. ఎన్నాళ్ళయింది?"

"ఏది?"

"కళ్ళు."

"అబ్బే, ఈ మధ్యే. కాస్త మసక. కాస్తంటే కాస్తే."

"మరిదీ."

డ్రైవరు గ్లాసు కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నాడు. టీకొట్టాయన వచ్చి అందుకున్నాడు. "కుడిది రెండేళ్ళు" అన్నాడు డ్రైవరు. "ఎడమది వానల ముందు నుంచి."

ఆ బెంచీ పుట్టినప్పటినుంచీ దాని మీద డ్రైవరు నోట ఒక్క సున్నా అయినా కలపకుండా అంకె రావడం అదే మొదలు. తాళాలాయన, సెలూనాయన లేవాలో కూర్చోవాలో తెలియక కూర్చునే ఉన్నారు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తల తీసేసుకుంటావు."

ఆవిడ కట్టు వంక చూసుకుంది. వచ్చింది అందుకే మరి.

"కళ్ళు కనపడని డ్రైవరు బండి ఎవరు ఎక్కుతారు వదినా?" అన్నాడాయన. "దిగిపొమ్మంటారు. దిగి ఎక్కడికి పోను? ఆదివారం తప్ప నా వారంలో ఇంకేముంది? మిగతా ఆరు రోజులూ ఆదివారం గురించి చెప్పుకోవడమే కదా. గుంతలోంచి లేచాక జనం చప్పట్లు కొడుతున్నారు, నమస్కారం పెట్టా. ఏం చేయాలో తోచక పెట్టా. నా వెనక ఎవరికేమైందో చూద్దామంటే... చూసినా ఏం తెలుస్తుంది?"

వదిన స్టూలు దగ్గరికి జరుపుకుని, చేత్తో ఆయన గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను చూసింది.

"తల తీసుకుందామనే వచ్చాను. తీసుకుంటున్నాను కూడా" అంది. ఆయన భుజాలు కిందికి జారాయి. "ఈ ఆదివారం తల నేను తొడుక్కుంటాను. నువ్వు రెండో సీటు. మాటలు మాత్రం నువ్వే చెప్పాలి, నాకు అన్ని అబద్ధాలు రావు. రేపు పొద్దున్నే కంటి ఆసుపత్రి. కళ్ళు బాగయ్యాక తల సంగతి మాట్లాడదాం."

"ఆసుపత్రంటే నాకేం భయం" అన్నాడు డ్రైవరు, ముక్కు ఎగబీల్చి. "ఒకసారి బస్సు నడుపుతూ నడుపుతూనే ఈ చేత్తో స్టీరింగు, ఈ చేత్తో నా పన్ను నేనే..."

"లే. ఇంటికి నడు."

మర్నాడు కంటి ఆసుపత్రిలో గోడకి అక్షరాల అట్ట వేలాడుతోంది. వరసలో డ్రైవరు కంటే ముందున్న ఒక పెద్దాయన దాన్ని పైనుంచి కింది దాకా గట్టిగా చదివాడు. తర్వాత డ్రైవరు కూర్చుని, డాక్టరమ్మ అడగడమే ఆలస్యం, పెద్ద అక్షరం నుంచి చీమ తలకాయంత అక్షరం దాకా ఒక్క తప్పు లేకుండా గడగడా అప్పజెప్పేశాడు. ఆఖరి వరసలో పెద్దాయన దగ్గిన చోట తనూ ఒకసారి దగ్గాడు.

"అట్ట మార్చండి డాక్టరుగారూ" అంది వదిన.

డాక్టరమ్మ అట్ట తిరగేసింది. డ్రైవరు దాని వంక చాలాసేపు చూశాడు. "ఇది మన భాష కాదండీ" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వాపుకుని, దీపం వేసి రెండు కళ్ళూ పరీక్ష చేసింది. రెండిట్లోనూ శుక్లాలు, బాగా ముదిరిపోయాయి. కానీ భయపడాల్సిందేమీ లేదు, చిన్న ఆపరేషను, ముందు కుడిది, రెండు వారాలు ఆగి ఎడమది, చూపు వచ్చేస్తుంది అని చెప్పింది. చెప్పి కాగితం మీద రాస్తూ రాస్తూ తలెత్తి, "ఇంత ముదిరేదాకా ఎలా ఊరుకున్నారండీ? ఈ కళ్ళతో రోడ్డు మీద ఒక్కరే తిరుగుతున్నారా?" అంది.

"ఒక్కణ్ణే ఎక్కడండీ? వెనకాల అయిదుగుర్ని వేసుకుని తిరుగుతున్నా. వానపాము లోపల. ముప్పై అడుగులది" అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. వదిన వైపు తిరిగి, "కోతలు బాగా కోస్తారే మీవారి తరఫు మనిషి!" అంది.

వదిన నవ్వలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో సర్దుకుని, కాస్త సిగ్గుపడుతూ, "లేదండీ, ఇది మాత్రం నిజం" అంది. "ఆ అయిదుగురిలో ముందున్నదాన్ని నేనే."